ఆదెం

సువావ్ రేవులో వాన పడని రోజు
ఆకోంగ్ లెక్కలో రోజే కాదు.
ఆయన పోయిన పొద్దున మాత్రం ఎండ కాసింది.
జనం వలలన్నీ రోడ్డు మీద పరిచారు.
నేను ఆయన దుప్పట్లు ఆరేశాను,
ఇంకెవరు కప్పుకుంటారో తెలీకుండానే.

ఆరేళ్లు.
ఎడమ చెవికి మాత్రమే వినబడుతుందనీ
మాత్ర అరటిపండులో దాస్తే ఉమ్మేస్తాడనీ
బొప్పాయిలో అయితే దొంగలా మింగేస్తాడనీ
బ్యాంకు ముద్ర బియ్యం డబ్బాలో ఉందనీ
ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.
ముద్ర సంగతి పనికొచ్చింది.
మిగతావి ఎక్కడ పెట్టుకోను?

హాల్లో నేల మీద కూచుని
అందరం బంగారు కాగితంతో తామరలు మడుస్తున్నాం.
ఏడు ఏడులు తీరేదాకా ఇదే పని.
నా దేవుడికి కాగితం పూలు అక్కర్లేదు.
ఆకోంగ్‌కి కావాలన్నారు, మడుస్తున్నాను.
నమాజుకి ముందు ఎంత తోమినా
బొటనవేలి గోట్లో ఆ మెరుపు పోదు.

"చివర్లో ఏమన్నాడు?"
జుయ్‌హోంగ్, తలెత్తకుండా.
పడవ అమ్మకం దగ్గర తండ్రితో తెగిన మాట
పదకొండేళ్లయినా అతకలేదు అతనికి.
కావోషుంగ్ నుంచి రైలు దిగి వచ్చేసరికి
గదిలో అగరొత్తులు వెలుగుతున్నాయి.

"ఆదెం, అన్నాడు."

అది వాళ్ల మాట కాదు, నాది.
జావాలో మా అమ్మ నా నెత్తిన నీళ్లు పోస్తూ పలికించిన మాట.
స్నానాల దగ్గర ఆకోంగ్‌కి నేర్పాను,
వేడైతే పానస్, లేకపోతే ఆదెం.
మనవలకి అందని రెండు మాటలు
మా ఇద్దరి మధ్యా ఉండేవి.

"అంటే?"
"చల్లగా ఉందని."

అతని చేతుల్లో తామర సగంలో ఆగింది.
"చలేసిందా? దుప్పటి లేదా ఆయనకి?"

గబగబా చెప్పాను.
మా వైపు దానికి ఇంకో అర్థం ఉంది.
కడుపు నిండి, బాకీలు తీరి
ఎవరి మీదా కోపం మిగలని మనిషిని కూడా
చల్లగా ఉన్నాడనే అంటాం.

ఆ అర్థం ఉంది. నిజంగానే ఉంది.
ఆయనకి అది నేర్పానో లేదో గుర్తు లేదు.
ఆ రాత్రి రెండు జతల మేజోళ్లు తొడిగాను,
నా అరచేతుల్లో ఎంతసేపు పెట్టుకున్నా
పాదాలు వెచ్చబడలేదు.
ఆ ముక్క చెప్పలేదు.

ఏడవడం రాని మనిషి ఏడుపు
దగ్గులా మొదలైంది.
మేం ఎవరం అటు చూడలేదు.

అప్పుడే నా ఫోను మోగింది.
ఏజెన్సీ వాళ్లు.
వచ్చే సోమవారం తావోయువాన్, కొత్త ఇల్లు,
కొత్త ముసలమ్మ. సామాను సర్దుకోమన్నారు ముందే.
చేపల దుకాణం వాసనతో ఉన్న చేత్తోనే
ఆకోంగ్ కూతురు సూఫెన్ ఫోనందుకుంది.
నా మూకుడు పిడికి ఎర్రదారం కట్టి
పంది కొవ్వు చుక్క తగలకుండా
ఆరేళ్లు కాపలా కాసిన చెయ్యి.

"వార్తిని ఇంట్లో లేదు.
బజారుకెళ్లింది. ఎప్పుడొస్తుందో,
ఇక్కడ ఒకటే వాన."

బయట చుక్క లేదు.
నేను తన మోకాలి పక్కనే ఉన్నాను.

ఫోను పక్కన పడేసి
కాగితాల కట్ట నా వైపు తోసింది.
"ఏంటా వంకర మడత? నాన్నకి నచ్చదు."

విప్పి
మళ్లీ మడిచాను.