ముప్పై ఒకటో నంబరు బకెట్టు

సెతూబల్ మునిసిపల్ హాల్లో పద్నాలుగో అంశం:
మురుగుకాలువ మూతల తర్వాత,
కుక్కల లైసెన్సులకి ముందు.

"అసలెవరొస్తారమ్మా మీ మ్యూజియానికి?"
కళ్ళజోడు తుడుచుకుంటూ కౌన్సిలర్ వాల్దెమార్.
లెక్క చెప్పింది దెయొలిందా. తక్కువే.
వాన పడితే ఇంకాస్త ఎక్కువ,
ఎదురుగా బస్‌స్టాపుకి కప్పు లేదు గనక.

ఎవరో నవ్వారు.
ఆ నవ్వు ఆరకముందే చేతులు లేచాయి.
అడిగినదాంట్లో మూడోవంతు.
కాపలావాడి జీతానికి చాలదు,
పెంకులకి సరిపోతుంది.

తాళం తీసి లోపలికెళ్ళింది.
సార్డీన్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ఏప్రన్లు, కత్తెరలు,
పడవొస్తే అర్ధరాత్రయినా కూసి లేపిన సైరను.
చేపనెత్తురు మోసిన బకెట్టొకటి
గాజుపెట్టె దిగొచ్చి
మూడేళ్ళుగా మళ్ళీ డ్యూటీలో ఉంది,
కారే కప్పు కింద.

నీళ్ళు పారబోసి తిరగేసింది.
చీటీ ఇంకా ఊడలేదు:
జెర్ట్రూదెస్, రెండో షిఫ్టు.
వాల్దెమార్ వాళ్ళమ్మ.
ఆ మాట సభలో అనలేదు తను.

"ఇంకో రెండు వానలు ఓర్చుకో,"
అంది బకెట్టుతో.