కాలవ కట్టేసిన వారం

అమలాపురం ఆసుపత్రి. కిటికీ పక్క మంచం.
ఇరవై ఆరేళ్ళు లాకుల మీద తలుపులెత్తి దింపిన లస్కర్ని,
నా తలకాడ అట్టముక్క కట్టారు:
నోటికి ఏమీ ఇవ్వరాదు.

ఆదివారం మా సూపర్‌వైజరు గారి రిటైర్మెంటు విందు.
వేటమాంసం, నూనె తేలిన రొయ్యల ఇగురు.
అర్ధరాత్రికి బొడ్డు పైన గునపం దిగి
వెన్నులోంచి బయటికొచ్చింది.
మోకాళ్ళు కావలించుకుని ముందుకి వంగితేనే
కాస్త ఊరుకుంటోంది.

డాక్టరు సువర్చల గారు, నా కూతురి ఈడు,
మందుల చీటీ వెనక బొమ్మ గీసింది.
కడుపు, దాని చాటున క్లోమం, పక్కన పిత్తం సంచి.
"పేగు మొదట్లో ఒక కబురు పుడుతుంది బాబాయ్.
కొవ్వు దిగిందనగానే నెత్తుట్లో పడి పోయి
సంచిని పిండుకోమంటుంది, క్లోమాన్ని రసం వదలమంటుంది."
పేరూ చెప్పింది. కోలిసిస్టో... నోరు తిరగలేదు.
తిరగక్కర్లేదు.
శివారు చేలకి నీళ్ళందట్లేదని
సైకిలు మీద మనిషొస్తాడు, నేను చక్రం తిప్పుతాను.
కబురంటే నాకు తెలుసు.

కబురు తప్పు కాదు.
తూము నోట్లో సెనగబద్దంత రాయి.
రసం వెనక్కి తన్ని,
విందుని అరిగించాల్సింది తననే అరిగించుకుంటోందట.
తలుపు బిగుసుకుంటే కాలవ తన గట్టునే కొరుక్కుంటుంది.
చూశాను, రెండుసార్లు.

ఆపైన వాపు. తెల్లకణాలు సాయానికొస్తాయట.
గండి పడ్డ రాత్రి ఊరంతా పారలట్టుకొచ్చి
చీకట్లో మంచి గట్టుని తొక్కితొక్కి జార్చేసినట్టు.
ఎవర్ని తిడతాం?
అందరూ మనోళ్ళే.

చేతిలో సెలైను, నాలిక మీద తడి దూది.
డాక్టరమ్మ పూటకోసారి పొట్ట మీద గొట్టం పెట్టి
కళ్ళు మూసుకునేది.
ఏమీ లేదు.
ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ఏప్రిల్లో కాలవ కట్టేశాక,
బురదలో మట్టగిడస కొట్టుకోవడం కూడా ఆగిపోయాక ఉండేది.

మూడోనాటికి ఖాళీ కడుపు ఇంకో కబురు పంపింది, ఆకలని.
తలకాడ అట్టముక్క సంగతి దానికెవరూ చెప్పినట్టు లేరు.
పక్క మంచం కుర్రాడు ఇడ్లీ పొట్లం విప్పితే
గోడవైపు తిరిగాను.

గురువారం తెల్లారగట్ట, గొట్టం కంటే ముందు, నేనే విన్నాను.
గుడగుడ.
జూన్లో ధవళేశ్వరం నించి వదిలిన నీళ్ళు
మా తలుపుల దాకా వచ్చేటప్పుడు
కంటికి కనపడక ముందే వినపడేది ఇదే.

చంద్రమతి పల్చటి గంజి పట్టుకొచ్చింది.
మూడు చెంచాలు.
నాలుగోదానికి చెయ్యడ్డం పెట్టాను.
తలుపు ఒక్కసారే ఎత్తకూడదు.
సంచిలో రాళ్ళింకా ఉన్నాయి. కాలవ వదిలేలోపు కోసేయమన్నాను.
డ్యూటీ ఉంది మరి.