పరిషెకొచ్చేవాళ్లకు

కార్తీకంలో ఆఖరి సోమవారం అంటారు గానీ
మీరు ఆదివారం పొద్దున్నే రండి.
సోమవారం సందెవేళ వస్తే
బసవనగుడిలో మీకు కనబడేది
ముందు నడిచేవాళ్ల వీపులే.

కారు తేవద్దు.
నేషనల్ కాలేజీ దగ్గర మెట్రో దిగి నడవండి.
దారి అడగనక్కర్లేదు,
చెప్పుల కింద పొట్టు పటపటమంటే
వచ్చేసినట్టే.

స్వెట్టర్ మరవద్దు.
బెంగళూరు చలి మా పావగడ చలిలా కరవదు,
చెవి దగ్గర చేరి గుసగుసలాడుతుంది,
తెల్లారేసరికి గొంతు పట్టుకుంటుంది.
పిల్లల జేబులో చీటీ మీద ఫోన్ నంబరు రాసిపెట్టండి.
ఈ బూరల మోతలో పేరు పెట్టి పిలిస్తే
ఎవరి బిడ్డా వెనక్కి తిరగదు.

గుడ్డసంచి తెచ్చుకోండి, రెండైతే మేలు.
పేరు కోసం తడుముకోవద్దు.
పల్లీలనండి, బుడ్డలనండి, శెనక్కాయలనండి,
కడలేకాయి అనడానికి నోరు తిరక్కపోతే
వేలు చూపించండి.
ఇక్కడ ప్రతి కుప్పకూ అన్ని భాషలూ వచ్చు.

కొనేముందు చెవి దగ్గర పెట్టి ఊపండి.
గలగలమంటే ఎండింది.
పలక్కపోతే పచ్చిది,
ఉప్పేసి ఉడకబెట్టుకోను బాగుంటుంది.
ఒకటి ఒలిచి తినండి, రెండోది కూడా తినండి,
ఎవరూ ఏమనరు.
మూడోది తింటే మాత్రం మా మరిది నాగభూషణం
దాన్ని లెక్కలో కలిపేస్తాడు.

మూడు గింజల కాయ దొరికితే
తినకుండా కొంగున కట్టుకుంటారు కొందరు.
ఎందుకో నాకు తెలీదు.
నేనూ కట్టుకుంటాను.

పూర్వం ఇక్కడొక ఎద్దు
రాత్రిళ్లు చేల మీద పడి మేసేదట,
మొదటి పంట నీకేనని రైతులు మొక్కితే
కదలకుండా కూర్చుండిపోయిందట.
నిజమా అని నన్నడక్కండి.
మా చేలో అడవిపందులు పడతాయి,
అన్నింటికీ గుడి కట్టే స్తోమత నాకు లేదు.

ఒకటి చెప్పాలి,
చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.
అటు పైయేడు వాన మొహం చాటేసింది.
మా రెండెకరాల్లో చేతికొచ్చింది ఉత్త తీగ,
అదీ పశువులు తిన్నాయి.
చింతామణి మండీలో నాలుగు మూటలు కొని
ఈ దీపస్తంభం కిందే కుప్ప పోసి
'మా చేలోవే సారూ' అన్నాను
వచ్చినవాళ్లందరితో.

గవిపురం నుంచి ఏటా వచ్చే పెద్దాయన,
వాసుదేవమూర్తిగారు,
ఒక కాయ చిట్లించి పొట్టు వాసన చూశారు.
తర్వాత నా మొహం చూశారు.
'రెండు సేర్లు' అన్నారు, అంతే.
చిల్లర మరిచిపోయి వెళ్లారు.
లేదా మరవలేదు.

ఆ రాత్రి గోనెపట్టా కప్పుకుని పడుకుంటే
బ్యూగుల్ రాక్ చెట్ల మీంచి గబ్బిలాలు
తెల్లవార్లూ నా గురించే
మాట్లాడుకున్నట్టనిపించింది.

మరుసటేడు వానలు పడ్డాయి.
ఆయన వచ్చారు, చిట్లించారు, వాసన చూశారు.
'ఈసారి నీవేనమ్మా' అన్నారు.
ఎర్రమన్ను దాక్కోలేదట.
చిల్లరిచ్చాను,
పాతదీ కొత్తదీ కలిపి.
లెక్కపెట్టకుండా జేబులో వేసుకున్నారు.

అందుకని, ఎక్కడి కాయలని తప్పకుండా అడగండి.
జవాబు మటుకు నమ్మకండి.
చెప్పే మనిషి గోళ్లు చూడండి.
నావి చూసినా నాకేం కోపం రాదు.

ఇంకేముంది?
దాహమేస్తే చెరకురసం వద్దు, ఐసు మంచిది కాదు.
కొన్నవి ఇంటికి పోగానే ఎండలో ఆరబోయండి,
సంచిలో ఉంచితే బూజు పడతాయి.
పెద్ద గణపతి గుడి దిగువన
పన్నెండో దీపస్తంభం,
పావగడ ఓబులక్క అంటే ఎవరైనా చూపిస్తారు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా
మా మరిది కునుకు తీస్తాడు.
ఆ వేళకి రండి.