బుధవారం కాని రోజు

కొరుక్కుపేట కార్పొరేషన్ బడిలో
నా గది ఒకప్పుడు చీపుర్లది.
రెండు ఇంకా మూలన ఉన్నాయి, తీయమనలేదు నేను.
నాకన్నా సీనియర్లు.

ఒక బల్ల. బరువు చూసే మిషను
అందరికీ కిలోన్నర కలిపి చూపిస్తుంది,
పిల్లలు మురిసిపోతారు,
నేను మనసులో తీసేసి రాసుకుంటాను.
కిటికీ కింద తడి ఇసకలో కుండ,
కుండలో పిడత, పిడతలో
పెంచలరాజు ఇన్సులిన్ సీసా.
ఫ్రిజ్ కావాలని నేను పెట్టిన మూడు అర్జీలూ
రిప్పన్ బిల్డింగులో ఏ ఫ్యాను కిందో
చల్లగానే ఉండుంటాయి.

నాకు నాలుగు బళ్లు, ఒక్కటే సంచి.
ఈ బడికి నేను బుధవారం సిస్టర్ని.
మిగతా రోజులు రావొద్దని
రోగాలకి ఎవరూ సర్క్యులర్ పంపలేదు.

కొడుంగయ్యూరు చెత్తదిబ్బ అంటుకున్న వారం
ఆరో తరగతి సగం నా గుమ్మంలో దగ్గింది.
ఊదుకుంటే నవ్వుతారని సులక్షణ
ఇన్‌హేలర్ని అన్నం డబ్బా అడుగున దాస్తుంది.
హెప్సిబాకి ఫిట్స్ వస్తే
వాచ్‌మన్ పరుగున వచ్చి తాళాల గుత్తి చేతిలో పెడతాడు.
"పెట్టు తాతా, ముందు పక్కకి తిప్పి అప్పుడు పెట్టు" అంటాను.
ఇనుముతో నాకేం పేచీ?

పెంచలరాజు ఐదో తరగతి.
చీకటుండగానే వాళ్లమ్మ చెంగమ్మ చెత్తబండెక్కుతుంది.
పొద్దుటి సూది ఇంట్లో,
మధ్యాహ్నానిది ఇక్కడ.
పాఠం అరవంలో, తిట్టుకోవడం అరవంలో,
సూది దగ్గరకొస్తే మాత్రం తెలుగు:
ఒకటి, రెండు, మూడు...
ఎనిమిదో గీత దగ్గర ఆగి
నా మొహం చూస్తాడు.
మొదటి నెల నేను పొడిచాను.
రెండో నెల వాడి చేతి మీద నా చెయ్యి.
మూడో నెల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.
పద్దెనిమిదేళ్ల సర్వీసులో
అంత కష్టపడి ఏమీ చేయకుండా ఉన్నది
అప్పుడే.

శుక్రవారం నేను తండయార్‌పేటలో,
నులిపురుగుల మాత్రలు పంచుతూ.
ఫోను. కోదై టీచర్ గొంతు సగమే వినబడింది.
షేర్ ఆటోలో నా ఒళ్లో ఎవరిదో చేపల బుట్ట,
గేటు పడింది, గూడ్సు బండి తీరిగ్గా పోయింది,
పెట్టెలు లెక్కపెట్టడం తప్ప ఏం చేయను?

వెళ్లేసరికి
వరండాలో హెప్సిబా నిద్రపోతోంది,
ఎడమ పక్కకి తిరిగి,
తల కింద ఎవరిదో పుస్తకాల సంచి,
పిడికిట్లో తాళాలు.
"ఎంతసేపొచ్చింది?"
పెద్దవాళ్లంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.
"నూట నలభై, సిస్టర్" అన్నాడు పెంచలరాజు.
"నలభై దాకా తెలుగులో,
ఆపైన నాకు రాదు, వంద అరవంలో."

రిజిస్టరు తెరిచాను,
రెండు నిమిషాల ఇరవై సెకన్లు అని రాయబోతూ
వాడి పై పెదవి మీద చెమట చూశాను.
ఫ్యాను కిందే ఉన్నాడు వాడు.
"సూది వేసుకున్నావా?"
"ఊ."
"అన్నం?"
అన్నం వరసలోనే పడిందట హెప్సిబా.
వరస వదిలేసి వచ్చాడట.

చక్కెర నీళ్లు రెండు గ్లాసులు.
వేలు పట్టుకుంటే పిచ్చుక వణికినట్టుంది.
తాగాడు, అదేదో తన తప్పన్నట్టు.
వంటచేసే వళ్లియక్క ఏమీ అనలేదు,
అడుగు గీకి, సాంబారన్నం, గుడ్డు తెచ్చి
వాడి ముందు పెట్టి కూర్చుంది, తినేదాకా.
ఆ రోజు నుంచి ఒక కంచం విడిగా మూతపెట్టి ఉంటోంది.
ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

రిజిస్టరులో చివరి గడి:
పర్యవేక్షించినవారు.
అక్కడ నా సంతకం ఉండాలి.
చాలాసేపు పెన్ను అలాగే పట్టుకున్నాను.
పేరు రాశాను, నాది కాదు,
తరగతి కూడా రాశాను.
పై ఆఫీసు ఏమంటుందో అననీ.

వచ్చే బుధవారం కుండలో నీళ్లు మార్చాలి,
మిషనుకి మేకు కొట్టించాలి,
వాడికి
నలభై ఒకటి నేర్పాలి.