మూడో పేరు

చెంగల్రాయుడు ఈ ఊరి సెంటర్లలో ఎన్నోవాడని
గ్రీమ్స్‌పేట టీ అంగట్లో మళ్ళీ తగువు.
మొదటి పేరు దొరసామి,
దానికి ఎవురూ నోరెత్తరు.
రెండోది పోలీస్ లైన్ ఏసుపాదం,
ఎగిరితే రింగు పట్టుకోని ఊరంతా చూసి దిగేటోడు.
మూడో పేరు దగ్గిరే
గుణశేఖరా, రాయుడా అని
గ్లాసుల్లో టీ చల్లారిపోతుంది.

ఆఖరికి అందరూ నా పక్కకు తిరుగుతారు.
ఇరవై రెండేండ్లు స్కోరు రాసింది నేనే కదప్పా.
అట్టపెట్టెలో పదహారు నోటుబుక్కులుండాయి.
రెండింటిని చెదలు తినేసింది.
మిగిలిన పద్నాలుగూ గుణశేఖర్నే అంటాయి,
రెండంటే రెండు పాయింట్లు జాస్తి.

రాయుడు మండీలో బెల్లం మూటలు మోసి
అదే బనీనుతో కోర్టుకొచ్చేటోడు.
వాడు పట్టిన బంతి బెల్లం వాసన కొట్టేది,
ఈగలు గూడా వాడినే మార్క్ చేసేవి.
రింగు కింద కాళ్ళు పాతి నిలబడినాడంటే
రైలు గేటు పడినట్టే,
రాయవేలూరు టీమోళ్ళు చుట్టూ తిరిగి పోవాల్సిందే.
ఆ వీపు చాటున సందు దొరికి
గుణశేఖర్ వేసిన బాస్కెట్లు ఎన్నని!
వీపుకు నా బుక్కులో గడి లేదు.

ఇంగొకటుంది. టీ అంగట్లో ఎప్పుడూ చెప్పలా.
మదనపల్లె మీద ఫైనల్. తుంపర.
కరెంటు పోతే లారీ లైట్లు వేసి ఆడించినారు.
ఆఖరి బంతికి రింగు కింద నాలుగు చేతులు లేచినాయి,
ఎవురిది తగిలిందో నాకు కనబళ్ళా.
జనం గుణా అని అరిచినారు,
నేను గుణా అని రాసినా.

మర్నాడు రాయుడు ఇంటికొచ్చినాడు.
బుక్కు అడిగి తీసుకున్నాడు.
ఆ వరస మీద వేలు పెట్టి
రవ్వంత సేపు అట్లే ఉండిపోయినాడు.
చెమటకి ఇంకు అలుక్కుపోయింది.
"రాత ముత్యాల మాదిరుంది సామీ" అని
మూసిచ్చి, నీళ్ళు తాగి, పోయినాడు.
వాడు పోయీ ఇప్పటికి ఆరేండ్లు.

ఆ రెండూ అటు తీసి ఇటు వేస్తే
రాయుడే రెండు పాయింట్లు ముందు.
ఈ కూడికె నాకొక్కడికే తెలుసనుకుంటా ఉన్నా.
"మూడు రాయుడే, రాసుకోండప్పా" అని
ప్రతిసారీ గట్టిగా చెప్పేది ఎవురనుకున్నారు?
గుణశేఖరే.
ఎంత మంచి మనసో అంటారు అందరూ.
వాడు మాత్రం ఆ మాట
నా మొకం చూడకుండా అంటాడు.

నిన్న మళ్ళీ అడిగినారు.
బుక్కు చూసి చెప్తాలే అన్నా.
టీకి డబ్బులు నేనే ఇచ్చినా.