చింపిన సగం

నేల టికెట్టు ఆకుపచ్చ, బెంచీ గులాబి, బాల్కనీ పసుపు.
ముప్పై ఒక్క ఏళ్ళు వాటిని చింపిన వేళ్ళివి.
సగం వాళ్ళ చేతికి, సగం నా డబ్బాలోకి.

ఇవాళ నెల్లూరు వీఆర్సీ గ్రౌండు గేటు కాడ
చింపేదానికి ఏమీ లేదు.
ఆరొందల కూలికి చేతిలో ఒక యంత్రం పెట్టారు.
ఫోను మీద చూపిస్తే కీచుమంటుంది.
అంటే లోపలికి. అనకపోతే పక్కకి.

పాటల రాత్రి. వాయించేవాళ్ళే నలభై మంది.
టికెట్టు ఎనిమిది వందలంట.
పొద్దున పదింటికి తెరిస్తే
పదీ నాలుగుకల్లా అయిపోయాయంట.
పదీ ఆరుకి అవే టికెట్లు
ఇంకో అంగట్లో మూడు వేల ఆరొందలు.
ఆ రెండు నిమిషాల్లో కొన్నోళ్ళెవరు, యాడ నిలబడి అమ్మారు
అని అడిగితే
కంపెనీ కుర్రోడు నవ్వాడు:
"మనుషులైతే గదా తాతా, నిలబడేదానికి!"

మస్తానమ్మ నిలబడేది.

ట్రంకు రోడ్డులో మా హాలు పక్క సందు,
సైకిల్ స్టాండు గోడకి వీపు ఆనించి
వక్కాకు నములుతా, పెదవి కదపకుండా
"రెండుకి ఐదు, రెండుకి ఐదు"
దగ్గినట్టు అనేది.
టికెట్ల కట్ట సద్ది గిన్నెలో, మూత కింద.
పులుసు మరక అంటిన ఆకుపచ్చ కాగితం చేతికొస్తే
ఇది ఐదు రూపాయలదని నా వేళ్ళకి తెలిసిపోయేది.
బుకింగు గుమాస్తాకి ముట్టేది, బీటు పోలీసుకి ముట్టేది.
నాకూ, టీ డబ్బులు. దాచేదేముంది.

ఆమె మంచిదని నేను చెప్పను.
కోవూరు నుంచి వచ్చిన కొత్త జంట ఆశ చూసి
రెండుకి ఎనిమిది గుంజింది ఒకసారి.
రెండో ఆట విడిచినాక బస్సు డబ్బుల్లేక
పెన్నా బ్రిడ్జి మీద నడిచిపోయారు వాళ్ళు,
ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకొని.

తుఫాను రోజు ఒక్క పురుగు రాలా.
"రెండుకి ఒకటి" అన్నా వినేవాళ్ళు లేరు.
ఆట మొదలైనాక తడిసిన కొంగు పిండుకొని
తానే లోపలికొచ్చి కూర్చునింది,
పద్దెనిమిది సీట్లకి ఒక్కతే ఆసామి.
ఇంటర్వెల్లో నన్ను పిలిచి
"కూర్చో అబ్బయ్యా, ఏ సీటు కావాలో చెప్పు" అనింది.

కొత్త సర్కిలు వచ్చినప్పుడు
గిన్నెతో సహా పట్టుకుపోయారు.
చట్టానికి ఒక మణికట్టు దొరికింది, నాలుగు మట్టి గాజులతో.
యాభై జరిమానా.
గుమాస్తా పేరు ఎవరూ అడగలా. నా పేరూ.

ఇప్పుడు లైన్లో ఇద్దరు వాదులాడుకుంటున్నారు.
"రేటు మీద పదో వంతు కంటే పైన అమ్మితే
జైల్లో పెట్టాల" అంటాడు లెక్చరరు మాదిరుండే మనిషి.
"నా టికెట్టు నా ఇష్టం,
రేపు జొరమొస్తే అమ్ముకోనా?" అంటాడు రెండోవాడు.
ఏమంటావు పెద్దాయనా అని ఇద్దరూ నన్నే చూశారు.
లైను జరపండి అన్నాను.

వాళ్ళ వెనక, బట్టల షాపు యూనిఫారం మార్చుకోకుండానే
వచ్చేసిన పిల్ల.
యంత్రం కీచుమనలా.
తుడిచి చూపించింది. అనలా.
అదే టికెట్టు మీద ఎవరో అరగంట ముందే లోపలికి పోయారంట.
"మూడు వేల ఆరొందలు సార్, చీటీ డబ్బులు.
ఎవర్ని అడగాల?"

ఏ గోడ కాడికి పంపేది ఈ పిల్లని?
మస్తానమ్మ అమ్మిన టికెట్టు
నా గేటులో చెల్లకుండా పోయింది ఒక్కటీ లేదు.
దేవుడికి భయపడి కాదు,
రేపు మ్యాట్నీకి మళ్ళా ఆ గోడ కాడే నిలబడాల గదా.

చట్టం రావాల్సిందే. రానీ.
వచ్చి ఈసారి ఎవరి చెయ్యి పట్టుకుంటుందో
నాకూ చూడాలనుంది.

"పక్కకి రామ్మా" అన్నాను.
ఊరికే, చేతిలోకి తీసుకున్నా ఆ ఫోను.
వెనక్కి తిప్పి చూశాను,
యాడన్నా
రవంత పులుసు మరక ఉందేమోనని.