తొమ్మిది జారితే ఆరు

ఓల్డమ్‌లో మా ఇంటి నంబరు పంతొమ్మిది.
పై స్క్రూ ఎప్పుడో ఊడిపోయి
తొమ్మిది తలకిందులై
రెండేళ్లుగా పదహారని వేలాడుతోంది.

మా పార్శిళ్లన్నీ ఎదురింటికి పోయేవి:
బియ్యప్పిండి, స్వరాజ్యం కళ్లద్దాలు,
ఒకసారి నా బూట్లు.
ఎదురింటి డోరీన్, ఎనభై ఒకటి నిండిన మనిషి,
ఓ చేత కర్ర, ఓ చంకలో అట్టపెట్టె,
రోడ్డు దాటి వచ్చేది.
"మీ ఇల్లు మళ్లీ మా ఇంట్లో దిగింది" అనేది.

ఈ వేసవిలో స్వరాజ్యం చీటీ రాసింది.
ఇల్లు మొహం కడుక్కోవాలట.
బస్సు డిపోలో నాకు నాలుగు రోజుల సెలవు.
ముందు వాకిలి ఎంతనుకున్నారు,
పరుపు పరిస్తే గోడకు తగిలేంత.
అందులోనే మూడు చెత్తడబ్బాలు,
కాలు విరిగిన ఇస్త్రీబల్ల,
ఎవరిదో తెలియని సైకిలు చక్రం.

చక్రం పోయింది. బల్ల పోయింది.
డబ్బాలు వెనక సందులోకి నడిచాయి.
పైసా ఖర్చు లేదు, వాకిలికి ఊపిరొచ్చింది.
ఇటుకల మధ్య గడ్డిని
మొండి చాకుతో కూర్చుని పీకాను.
సాయంత్రానికి నా నడుం నామీద కేసు పెట్టింది.

మర్నాడు తలుపు.
మూతికి గుడ్డ కట్టి, తడిపి తడిపి గీకితే
గోధుమరంగు కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద ఎరుపు,
దాని కింద ఓ నీలం, బడిపిల్లల చొక్కా నీలం.
మాకు ముందు ఎందరు
తాళంచెవి మరిచిపోయి
ఇక్కడే వానలో నిలబడ్డారో.
కాసేపు నేనూ నిలబడ్డాను.

స్వరాజ్యం ఎంచింది వంకాయరంగు.
నేను లేతపచ్చ అన్నాను.
ఇంట్లో ఉన్నవి రెండే ఓట్లు,
అయినా నేను ఓడిపోయాను.

మూడోరోజు గుమ్మం ముందు రాతిమెట్టుకు
నాచు తోముతుంటే
డోరీన్ వచ్చింది, పార్శిలు లేకుండానే.
కర్రకొసతో మెట్టు అంచు చూపించింది.
వాళ్లమ్మ మిల్లు నుంచి వచ్చి
ఒళ్లు హూనమైనా సరే
మోకాళ్ల మీద కూర్చుని మెట్టు కడిగి
అంచు పొడవునా పసుపురాయి రుద్దేదట.
పాతగుడ్డలు వేస్తే బండివాడు ఇచ్చే రాయి.
రుద్దని ఇంటి గురించి
వీధంతా చెవులు కొరుక్కునేదట.

స్వరాజ్యం చేతిలో బ్రష్షు ఆగింది.
"ఏ రంగన్నారు?"
"పసుపు. కొందరు తెలుపు."
"ఏ వారం?"
"శుక్రవారం. ఇంకేవారం రుద్దుతారు?"
స్వరాజ్యం నావైపు చూసింది.
నేను బకెట్‌ వైపు చూశాను.
వంటింట్లోంచి డబ్బా వచ్చింది.
ఈ ముసురుకి గంట నిలవదని తెలిసీ
ఆవిడ చెప్తుంటే ఈవిడ పూసింది,
"ఆ మూల వదిలేశావు" అని తిట్లు తింటూ.

చివరిరోజు రెండు కుండీలు, ఓ లావెండర్,
దీపానికి కొత్త బల్బు.
ఆఖరికి సొరుగులో వెతికితే
తుప్పు పట్టని ఒక్క స్క్రూ.
నాలుగు తిప్పులు.
తొమ్మిది లేచి నిలబడింది.

"కొత్తగా దిగారా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్,
రెండేళ్లుగా మా మొహం చూస్తున్నవాడు.

ఇప్పుడు పార్శిళ్లు నేరుగా వస్తున్నాయి.
మూడువారాలు.
ఎదురింటి కర్టెన్ కదులుతుంది, ఆగుతుంది.
రోడ్డు దాటే పని
ఎవరికీ లేదు.

రాత్రి ఇంకో కుండీ ఆర్డరు పెట్టాను.
అడ్రసు దగ్గర కాస్త ఆలోచించి
పదహారని కొట్టాను.
స్క్రూ గట్టిగానే ఉంది.
ఈసారి పొరపాటు నాది.